పికప్ గేర్‌బాక్సులో ఏ ఆయిల్ పోస్తున్నారు? డబ్బా మీద రాసింది ఒక్కసారి చదవండి



ఈ పోస్టు పంట గురించి కాదు, పంటని యార్డుకి చేర్చే బండి గురించి. కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో పికప్ ఉన్నవాళ్లయితే మాత్రం వదిలెయ్యకండి.

మా వినుకొండ వైపు ఒకప్పుడు పికప్ అంటే ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు వీధికి రెండున్నాయి. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి, ఎరువు కట్టలు ఊళ్లోకి, డ్రిప్ పైపులు చేలోకి, గడ్డి ఇంటికి, అన్నిటికీ అదే బండి. ఇంజిన్ ఆయిల్ అందరం టైముకి మారుస్తాం. టైర్లలో గాలి చూస్తాం. గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు మార్చారు అని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. "అది మార్చేదేముంది, లీకైతే పోస్తాం" అంటారు.

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దల సామెత. మా నాన్న ఎద్దుల బండి తోలిన రోజుల్లో ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండికి కట్టుకునేవాడు. దూరం పోయే ముందు చక్రం జరిపి ఇరుసుకి పూసేవాడు. ఆ ఇరుసు కంటికి కనపడేది, ఎండిపోతే కిర్రుమని చెవికి వినపడేది. గేర్‌బాక్సు అలా కాదు. అది మూసిన పెట్టె. లోపల ఏం జరుగుతుందో మనకి తెలిసేసరికి సంగీతం దాటిపోయి కచేరీ అయిపోతుంది.

మా బండి సంగతి చెప్తాను.

నేనూ మా తోడల్లుడూ కలిసి మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండులో ఒక పికప్ కొన్నాం. బండి బాగానే తిరిగింది. నిరుడు జనవరిలో మొదటి కోత కల్లంలో ఎండుతుండగా మూడో గేరు వేసేటప్పుడు గరగరమనడం మొదలుపెట్టింది. పొద్దున బండి తీస్తే రెండో గేరు మొరాయించేది, రెండుసార్లు క్లచ్ తొక్కితే గానీ పడేది కాదు.

పట్టణంలో ఒక మెకానిక్ చూసి, "సింక్రో రింగులు పోయినయ్. గేర్‌బాక్సు దించాల. ముప్పై వేలు, నాలుగు రోజులు" అన్నాడు. ఇంకో మెకానిక్, "అంత పని ఎందుకు, 140 ఆయిల్ పోద్దాం. చిక్కగా ఉంటది, సౌండు అణిగిపోద్ది" అన్నాడు. మా తోడల్లుడు నాకన్నా పెద్దవాడు. "అన్నీ నూనెలే గదా తమ్ముడూ. చిక్కటిది పోస్తే ఏం పోయింది, సీజను దాటనీ" అన్నాడు.

ఆయన తొందరలో న్యాయం ఉంది. 30 వేలంటే మాకు రెండెకరాల ఒక కోత కూలి. డబ్బు సంగతి అటుంచినా, సీజన్లో నాలుగు రోజులు బండి ఆగితే కిరాయి బండి దొరకదు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. కల్లంలో కాయ ఎండిపోయి ఉంది, పైన మబ్బు తిరుగుతోంది. అట్లాంటప్పుడు ఎవరు ఏది చెప్తే అది చేసెయ్యాలనిపిస్తుంది. మనం పోగొట్టుకునేది చాలావరకు అక్కడే.

నేను ఒకటే మాట అన్నాను. "అన్నయ్యా, ఆకు తిప్పి చూడకుండా మందు కొట్టం గదా. ముందు లోపల ఉన్నదేంటో చూద్దాం."

మిర్చి వేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఆకు ముడుచుకుంది అనగానే షాపుకి పరిగెత్తం. పైకి ముడిచిందా, కిందకి ముడిచిందా అని చూస్తాం. పై ముడత అయితే తామర పురుగు, కింద ముడత అయితే నల్లి. దాని మందు వేరు, దీని మందు వేరు. గేరు గరగరమనడం కూడా అంతే. శబ్దం ఒకటే, కారణాలు మూడు నాలుగు.

ముందు ఇంటి దగ్గరే చేసుకునే రెండు పరీక్షలు

మొదటిది క్లచ్ కోసం. బండి చదునుగా ఉన్నచోట పూర్తిగా ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, న్యూట్రల్‌లో పెట్టండి. క్లచ్ మొత్తం తొక్కి ఐదారు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ వెయ్యండి. చాలా బళ్లలో రివర్స్ గేరుకి సింక్రో రింగు ఉండదు. అంతసేపు ఆగినా గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. అప్పుడు మీరు ఎంత ఖరీదైన గేర్ ఆయిల్ పోసినా డబ్బులు దండగ. ముందు క్లచ్ సంగతి చూడాలి.

రెండోది బేరింగు కోసం. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ మీద కాలు తీసెయ్యండి. లోపల నుంచి గుయ్యిమని శబ్దం వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ముందు భాగంలో బేరింగు అరిగిందని అనుమానించాలి. దాన్ని ఆయిల్ బాగుచెయ్యదు. వేసిన గేరు తనంతట తాను ఊడి న్యూట్రల్‌కి వస్తున్నా అంతే, పెట్టె విప్పాల్సిందే.

మా బండికి ఈ రెండూ లేవు. క్లచ్ బాగుంది, బేరింగు శబ్దం లేదు. నడుస్తూ గేరు మార్చేటప్పుడు మాత్రమే గరగర. అంటే చూడాల్సింది సింక్రో రింగులూ, వాటిని తడిపే ఆయిలూ.

సింక్రో రింగు అంటే ఏంటి

గేరు మార్చేటప్పుడు లోపల రెండు చక్రాలు వేరు వేరు వేగాల మీద తిరుగుతుంటాయి. వాటిని అలాగే కలిపితే పళ్లు పళ్లు కొట్టుకుంటాయి. ఆ మధ్యలో ఒక రింగు ఉంటుంది. చాలా బళ్లలో అది ఇత్తడి జాతి లోహంతో చేస్తారు. మీరు గేరు రాడ్డు నెట్టగానే ఆ రింగు పోయి పక్కనున్న కోను మీద ఒత్తుకుంటుంది. ఆ రాపిడితో రెండిటి వేగం ఒకటవుతుంది. అప్పుడు గేరు మెత్తగా పడుతుంది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గేరు పళ్లకి జారుడు కావాలి, సింక్రో రింగుకి మాత్రం కాస్త పట్టు కావాలి. ఒకే ఆయిల్ ఈ రెండు పనులూ చెయ్యాలి. అందుకే "ఎంత జారితే అంత మంచిది, ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది" అనే లెక్క గేర్‌బాక్సు దగ్గర పనిచెయ్యదు.

డబ్బా మీద చదవాల్సినవి రెండు

పురుగు మందు డబ్బా మీద త్రికోణం రంగు మనకి తెలుసు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఏది ఎంత విషమో చూడగానే చెప్తాం. విత్తనం ప్యాకెట్ మీద లాట్ నంబరు చూస్తాం. ఆయిల్ డబ్బా దగ్గరికొచ్చేసరికి మాత్రం కంపెనీ బొమ్మ, ధర చూసి తెచ్చేస్తాం. అసలు చూడాల్సినవి రెండు ముక్కలు.

ఒకటి చిక్కదనం. 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90, 85డబ్ల్యూ-140 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్తుంది. అది తక్కువైతే చలికి తక్కువగా గడ్డకడుతుంది. 80డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకి దిగువన 26 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. మన పల్నాటికి ఆ చలితో పనిలేదు. వెనకున్న 90, 140 వేడి మీద ఎంత చిక్కగా ఉంటుందో చెప్తాయి. ఆ కొలత తీసేది 100 డిగ్రీల దగ్గర.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "మన ఎండలకి 90 చాలదు, 140 పొయ్యాలి" అనే మాట షాపుల్లో బాగా వినపడుతుంది. నిజమే, మా రెంటచింతల ఎండల గురించి వేసవి వస్తే టీవీలో రోజూ చెప్తారు. అయినా మన ఎండ ఎంత కాసినా 100 డిగ్రీలు కాదు కదా. 90 అనే అంకె పెట్టిందే అంత వేడిని లెక్కలో వేసుకుని. గేర్‌బాక్సు 90 అడిగితే 90 పోయండి. 140 పోస్తే శబ్దం కాస్త అణిగినట్టు అనిపించొచ్చు. కానీ అంత చిక్కటి ఆయిల్‌ని రింగు పక్కకి నెట్టి కోనుని పట్టుకోవడానికి ఆలస్యమవుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గేరు మరీ మొరాయిస్తుంది. జ్వరం తగ్గకుండా మూలుగు మాత్రం ఆపినట్టు.

ఇంకో సంగతి. గేర్ ఆయిల్ మీద 90 అంకె చూసి, ఇంజిన్ ఆయిల్ 40 కన్నా రెండింతలు చిక్కన అనుకోకండి. ఆ రెండూ వేరు వేరు కొలతలు. గేర్ ఆయిల్ 90 అంటే చిక్కదనంలో ఇంజిన్ ఆయిల్ 40, 50 దగ్గరగానే ఉంటుంది. మన దగ్గర సేరు వేరు, లీటరు వేరు కదా, అట్లాగ.

రెండోది జీఎల్ అంకె. జీఎల్-4 అనో, జీఎల్-5 అనో ఉంటుంది. అసలు గొడవంతా ఇక్కడే. చాలామంది 5 అంటే 4 కన్నా మంచిది అనుకుంటారు. షాపులో కూడా అలాగే చెప్పి ఇస్తారు. అది మార్కుల లెక్క కాదు, పని లెక్క.

వెనక యాక్సిల్ దగ్గర గుండ్రంగా ఉండే హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ ఉంటాయి. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ విపరీతమైన ఒత్తిడితో తిరుగుతాయి. మామూలు ఆయిల్ పొర అక్కడ తెగిపోతుంది. అందుకని గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ మోతాదులో వేసి జీఎల్-5 చేస్తారు. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ఘాటు వాసన వచ్చేది ఆ గంధకం వల్లే. జీఎల్-4లో ఆ మందు దాదాపు సగమే ఉంటుంది. సింక్రో రింగులున్న గేర్‌బాక్సులకి ఎక్కువగా అడిగేది దీన్ని.

గేర్‌బాక్సులో జీఎల్-5 పోస్తే ఏమవుతుంది? రెండు ఇబ్బందులు. ఒకటి, జారుడు ఎక్కువై రింగు కోనుని సరిగా పట్టుకోలేదు, గేరు గర్రుమంటుంది. రెండు, ఆ మందు వేడి మీద రాగి, ఇత్తడి జాతి లోహాన్ని తినొచ్చు. ఈ రెండో బాధ ఇప్పటి మంచి ఆయిళ్లలో తగ్గింది, మొదటిది ఉంది. అలాగని గేర్‌బాక్సు కోసం తెచ్చిన జీఎల్-4ని హౌసింగ్‌లో పోస్తే అక్కడ క్రౌన్ పళ్లు అరిగిపోతాయి. మిగిలింది కదా అని అటుదిటు ఇటుదటు పోసే పని కాదు.

వీటన్నిటికన్నా పైమాట బండి పుస్తకానిది. కొన్ని బళ్ల గేర్‌బాక్సుకి 75డబ్ల్యూ-90 చెప్తారు, కొన్నిటికి 80డబ్ల్యూ-90. ఇంజిన్ ఆయిలో, ఆటోమేటిక్ గేర్లకి వాడే ఎర్ర ఆయిలో పోయమని చెప్పే గేర్‌బాక్సులు కూడా ఉన్నాయి. పక్కింటాయన బండికి పోసింది మన బండికి పనికొస్తుందని లేదు. మా బండికి పుస్తకం రాలేదు. మా తోడల్లుడి కొడుకు కంపెనీ సైటులోంచి మా మోడల్ పుస్తకం ఫోన్లోకి దించిపెట్టాడు. అందులో గేర్‌బాక్సుకి 80డబ్ల్యూ-90 జీఎల్-4 అని, హౌసింగ్‌కి జీఎల్-5 అని విడివిడిగా ఉంది.

తర్వాత సీటు వెనక సామాను తీస్తుంటే ఒక సగం డబ్బా దొరికింది. 85డబ్ల్యూ-140, జీఎల్-5. మాకు ముందున్న ఓనరు పెట్టింది. హౌసింగ్‌కి తెచ్చిన ఆయిల్‌నే గేర్‌బాక్సులో కూడా పోసి ఉంటాడని అక్కడే అనుమానం వచ్చింది.

మన రైతుల ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ట్రాక్టర్ కోసం తెచ్చిన ట్రాన్స్‌మిషన్ ఆయిల్ బకెట్‌లో అడుగున ఎప్పుడూ ఐదారు లీటర్లు మిగిలి ఉంటుంది. అది గేర్లతో పాటు హైడ్రాలిక్‌కీ, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులకీ కలిపి చేసిన ఆయిల్. పికప్ పుస్తకం దాన్ని చెప్పనంతవరకు ఆ బకెట్ జోలికి పోకండి. ట్రాక్టర్‌ది ట్రాక్టర్‌కే.

మార్చే పద్ధతి

ఇది పెద్ద విద్య కాదు. గంట పని. మేమిద్దరం ఇంటి ముందు చప్టా మీద చేసుకున్నాం.

1. బండిని పది పదిహేను నిమిషాలు తిప్పి తీసుకురండి. ఆయిల్ గోరువెచ్చనైతే అడుగున పేరుకున్న మడ్డితో సహా దిగుతుంది. మరీ కాగిపోయాక చెయ్యి పెట్టకండి. పక్కనే సైలెన్సర్ గొట్టం ఉంటుంది, కాలుతుంది.

2. చదునైన చోట ఆపండి. ముందు ఎత్తు, వెనక పల్లం అయితే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. పికప్పులు ఎత్తుగానే ఉంటాయి కాబట్టి చాలావాటికి జాకీ అక్కర్లేదు. ఒక్క జాకీ మీద లేపిన బండి కిందకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో దూరొద్దు.

3. గేర్‌బాక్సుకి పక్కన ఒక బోల్టు ఉంటుంది, ఆయిల్ పోసేది. అడుగున ఒకటి ఉంటుంది, దించేది. ముందు పక్క బోల్టు విప్పండి. ఇది చాలా ముఖ్యం. కింద బోల్టు విప్పి ఆయిల్ మొత్తం దించేశాక, పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది.

4. విప్పే ముందు రెండిటి చుట్టూ మట్టి శుభ్రంగా గుడ్డతో తుడవండి. చేలో తిరిగే బళ్లు కదా, ఆ మట్టి లోపలికి పడితే ఆకురాయి పెట్టి రుద్దినట్టే.

5. కింద బోల్టు విప్పి వెడల్పాటి బేసిన్‌లోకి ఆయిల్ దించండి. చివరి చుక్కల దాకా ఓపిక పట్టండి.

6. బోల్టులకి ఉన్న రాగి లేదా అల్యూమినియం వాషర్లు కొత్తవి వెయ్యండి. పది ఇరవై రూపాయల దాంతో లీకు ఆగుతుంది. గేర్‌బాక్సు బాడీ చాలావరకు అల్యూమినియం. పానాకి పైపు తగిలించి బలమంతా పెడితే మర పోతుంది. గట్టిగా బిగించండి, విరిచెయ్యకండి.

7. చేతి పంపుతో గానీ, డబ్బాకి ట్యూబు తగిలించి గానీ పక్క రంధ్రంలోంచి పోయండి. చాలా బళ్లకి ఆ రంధ్రం కింది అంచుదాకా వచ్చి బయటికి కారడం మొదలైతే లెవెల్ సరిపోయినట్టు. కారడం ఆగనిచ్చి బోల్టు బిగించండి. ఎన్ని లీటర్లో పుస్తకంలో ఉంటుంది, దానితో సరిచూసుకోండి. "ఇంకొంచెం పడితే మంచిదే" అని ఎక్కువ పొయ్యకండి. ఎక్కువైతే నురగ వస్తుంది, సీళ్లలోంచి కారుతుంది.

దించిన పాత ఆయిల్‌ని కాలవలోనో, బావి పక్కనో, చేను గట్టునో పారబొయ్యకండి. క్యానులో పోసి మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. అక్కడ డ్రమ్ములో పోగేసి అమ్ముకుంటారు.

పాత ఆయిల్ ఏం చెప్తుంది

నా మటుకు నాకు, కొత్త ఆయిల్ పొయ్యడం కన్నా పాత ఆయిల్ చూడటమే ముఖ్యం. అది గేర్‌బాక్సుకి భూసార పరీక్ష లాంటిది. మెకానిక్ షెడ్డులో ఇచ్చి టీకి వెళ్తే ఆ రిపోర్టు మన కంటపడకుండానే డ్రమ్ములోకి పోతుంది.

కింది బోల్టుకి చాలా బళ్లలో అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలు అరుగుదల. వేలితో నలిపితే గరుకుగా పొట్టు తగిలినా, పంటి ముక్కలు కనపడినా గేరు పళ్లు విరుగుతున్నాయని. అప్పుడు ఆయిల్ మార్చి సంబరపడకుండా పెట్టె విప్పించాలి. ఆయిల్‌ని ఎండలో పట్టి చూస్తే బంగారు పొడిలా మెరుస్తుంటే అది ఇత్తడి, అంటే సింక్రో రింగుల అరుగుదల. అయస్కాంతానికి ఇత్తడి అంటుకోదు, ఆయిల్‌లోనే తేలుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయని.

ఈ నీళ్ల సంగతి మనకి బాగా అవసరం. వానాకాలం వాగు చప్టా మీద నీళ్లు పారుతుంటే దాటిస్తాం. అంతదూరం నడిచిన గేర్‌బాక్సు వేడిగా ఉంటుంది. చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ లాగుడుకి గాలి గొట్టంలోంచో, సీళ్ల పక్క నుంచో నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. గేర్‌బాక్సు మునిగేంత నీళ్లలో బండి దింపితే కిలోమీటర్లు చూడకుండా ఆయిల్ చెక్ చెయ్యండి. హౌసింగ్ కూడా. ఆ గాలి గొట్టం మట్టితో మూసుకుపోయినా ఇబ్బందే. లోపల వేడికి గాలి ఉబ్బి, పోయే దారి లేక సీళ్లలోంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. ఊరికే సీళ్లు మార్పించే ముందు ఆ గొట్టం శుభ్రం చేసి చూడండి.

మా బండిలోంచి దిగిన ఆయిల్ గోరువెచ్చగా ఉన్నా బెల్లం పాకంలా దిగింది. నల్లగా, ఘాటు వాసన. ఎండలో పడితే బంగారు మెరుపు కనపడింది. అయస్కాంతం మీద మెత్తటి ముద్దే, ముక్కలు లేవు. మా తోడల్లుడు అది చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పళ్లు బాగున్నయ్ తమ్ముడూ, రింగులు అరుగుతున్నయ్" అన్నాడు. ఒక్క ముక్కలో ఉన్నదంతా చెప్పేశాడు.

తర్వాత ఏమైంది

పుస్తకంలో చెప్పిన ఆయిలే పోశాం. మూడు లీటర్ల డబ్బాలు, వాషర్లు కలిపి 1,200 దాకా అయింది. మొదటి రోజు పెద్ద తేడా లేదు. మా తోడల్లుడు నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. వారం తిరిగాక మూడో గేరు గరగర తగ్గిపోయింది. లోపల మూలల్లో పాత ఆయిల్ కొంత మిగిలే ఉంటుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్లకి మళ్లీ ఒకసారి దించి కొత్తది పోశాం. ఈసారి మెరుపు చాలా తక్కువ.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. రెండో గేరు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. పొద్దున ఇప్పటికీ అర క్షణం ఆగి నెట్టాలి. అరిగిన ఇత్తడిని ఏ ఆయిలూ తిరిగి తెచ్చిపెట్టదు. ఎవరైనా ఇది పోస్తే గేర్‌బాక్సు కొత్తదైపోతుందని చెప్తే నమ్మకండి. సరైన ఆయిల్ ఉన్నదాన్ని కాపాడుతుంది, పోయినదాన్ని తేలేదు.

కానీ ఆ సీజను మొత్తం బండి ఆగలేదు. 40 కిలోల టిక్కీలు 30, అంటే 12 క్వింటాళ్లు, ఒక్కో ట్రిప్పుకి అంతే వేసుకుని గుంటూరు వెళ్లొచ్చాం. అంతకుమించి ఎక్కించలేదు. బరువెక్కువైతే మొదట కాగేది గేర్‌బాక్సూ, హౌసింగే. ఏదో ఒక రోజు రెండో గేరు రింగు మార్పించాల్సిందే. మొదటి మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. అయితే అది కాయ కల్లంలో ఉండగా, మబ్బు కింద, అడిగినంత ఇచ్చి చేయించుకోవడం కాదు. చేలో పని లేనప్పుడు, నలుగురిని అడిగి, సామాను మనమే చూసి కొని చేయించుకోవడం. ఆ టైము కొనుక్కున్నాం మేం 1,200తో.

ఎప్పుడు మార్చాలి

పుస్తకంలో ఇచ్చిన కిలోమీటర్లు చూడండి. బరువు లాగే బళ్లకి, దుమ్ములో నీళ్లలో తిరిగే బళ్లకి చాలా పుస్తకాల్లో ఇంకా ముందే మార్చమని వేరే వరస ఉంటుంది. మన పికప్పులన్నీ ఆ వరసలోకే వస్తాయి. సెకండ్ హ్యాండు బండి కొంటే పాత ఓనరు ఏం చెప్పినా సరే, ముందు గేర్‌బాక్సు, హౌసింగ్ రెండూ దించి చూసుకుని మీ చేత్తో కొత్తది పోసుకోండి. కొనకముందే దించి చూడనిస్తే ఇంకా మంచిది. గేదెని కొనేటప్పుడు పాలు పితికి చూడకుండా బయానా ఇవ్వం కదా.

మేం మాత్రం 30 వేల కిలోమీటర్లకి ఒకసారి, అది కూడా మొదటి కోతకి ముందే అని పెట్టుకున్నాం. తేదీ, మీటర్ అంకె, పోసిన ఆయిల్ పేరు, నంబరు ఎరువుల ఖాతా రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో రాస్తున్నాం. రేపు మా పిల్లలు మార్చినా, ఎవరికైనా అమ్మినా ఆ పేజీ బండితోపాటు పోతుంది.

ఈ వారంలో ఒక పని చెయ్యండి. మీ బండి పుస్తకం తీసి, గేర్‌బాక్సుకి ఏ నంబరు, ఏ జీఎల్ అని ఉందో చూసి, ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో అంటించండి. ఆయిల్ కొనేటప్పుడు ఆ కాగితం షాపులో చూపించండి. "అది లేదు, ఇది ఇంకా మంచిది" అంటే డబ్బా తిప్పి వెనకాల చదవండి. అంకెలు కలిస్తేనే తీసుకోండి, కలవకపోతే ఇంకో షాపు చూసుకోండి. ఎవరి మాట మీదా మొహమాటపడొద్దు. బండి మనది, బాకీ కూడా మనదే.